ఎండు దవడ ఎముకలో తేడాలను చూసి, తేల్చి, నమోదు చేయడం ఎలా

పుస్తకంలో కింది దవడ బొమ్మ ఒక్కటే ఉంటుంది. పెట్టెలోంచి పది దవడ ఎముకలు తీసి బల్ల మీద వరసగా పెట్టి చూస్తే, వాటిలో ఏ ఒక్కటీ ఆ బొమ్మకు అచ్చుగుద్దినట్టు సరిపోదు. ఒకదానికి గడ్డం పక్కన ఉండవలసిన రెండు రంధ్రాలకు బదులు మూడు కనిపిస్తాయి, మరొకదాని లోపలివైపు గాడి మీద ఎముకతో వంతెన కట్టినట్టు ఉంటుంది, ఇంకొకదాని కీలు తల నడుమ చీలినట్టు లోతుగా నొక్కుకుపోయి ఉంటుంది. వీటిలో ఏది సహజమైన వైవిధ్యం, ఏది వయసు తెచ్చిన మార్పు, ఏది జబ్బు, ఏది ఎముకను శుభ్రం చేసి భద్రపరిచినవారి చేతిలో జరిగిన నష్టం అని తేల్చడం దంతవైద్య, వైద్య, మానవశాస్త్ర విద్యార్థులకు మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఆ పనిని ఏ క్రమంలో చేస్తే పొరపాట్లు తగ్గుతాయో ఇక్కడ వివరిస్తాను. క్రమానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఈ ఎముక మీద దాదాపు ప్రతి గుర్తు స్థానమూ వయసును బట్టి, పళ్లు ఉన్నాయా ఊడాయా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ రెండూ తేల్చుకోకుండా రంధ్రాల లెక్క మొదలుపెడితే మామూలు ముసలి దవడ కూడా వింతగా కనిపిస్తుంది.

చేతిలోకి తీసుకునే ముందు

మీకు కావలసినవి కొద్దిపాటి వస్తువులే: ఒక వెర్నియర్ కాలిపర్, ఒక కోణమానిని, చేతి భూతద్దం, పక్క నుంచి వెలుతురు పడేలా జరుపుకోగల చిన్న దీపం, అర మిల్లీమీటరు మందం గల నైలాన్ పోగు, ఎముకను ఆనించడానికి మెత్తని బట్ట. రంధ్రాల్లో గుండుసూది గానీ ఇనుప తీగ గానీ పెట్టవద్దు. అవి ఎండిన ఎముకను గీరి, లేని దారిని కొత్తగా తవ్వుతాయి. ఎముక మీద పెన్సిలుతో కూడా గీయకండి. అది ఒకప్పుడు ఒక మనిషి శరీరంలో భాగమన్న సంగతి ఒక కారణం, రేపు ఇంకొకరు అదే ఎముకను చూడవలసి ఉంటుందన్నది మరో కారణం.

గుర్రపులాడంలా వంగిన అడ్డభాగాన్ని బాడీ అని, దాని వెనక నిలువుగా లేచే రెండు పలకలను రేమస్‌లని అంటారు. రేమస్ పై అంచున వెనకవైపు ఉండే కీలు తల కండైల్, ముందువైపు ఉండే మొన కొరోనాయిడ్. ఎముకను ఎప్పుడూ బాడీ దగ్గర రెండు చేతులతో పట్టి ఎత్తండి. కండైల్ కింది మెడ సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ పట్టుకుంటే విరిగే ప్రమాదం ఎక్కువ.

మొదట చదునైన బల్ల మీద పెట్టి, ముందుభాగం మీద వేలితో మెల్లగా నొక్కి వదలండి. చాలా దవడలు కదలకుండా నిలుస్తాయి. కొన్ని మాత్రం ఊయలలా ముందుకూ వెనక్కూ ఊగుతాయి, ఎందుకంటే వాటి కింది అంచు మధ్యలో కిందికి ఉబ్బి, దవడ కోణానికి, అంటే బాడీ, రేమస్ కలిసే మూలకు, ముందు ఉండవలసిన నొక్కు లేకుండా ఉంటుంది. దీన్ని రాకర్ దవడ అంటారు. పాలినేషియా ద్వీపాల ప్రజల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఐదు సెకన్ల పని ఇది, అయినా చాలామంది ఎముకను చేతిలోనే తిప్పిచూసి పెట్టేస్తారు గనుక ఈ లక్షణం వారి పట్టికలోకి ఎక్కదు.

ఆ తర్వాత మనుషులు చేసిన గుర్తులను వెతకండి. బోధన కోసం తయారుచేసిన పుర్రెలకు దవడను స్ప్రింగులతో తగిలిస్తారు, అందుకోసం రేమస్ పైభాగాన బెజ్జాలు వేస్తారు. నేను మొదటిసారి ఇలాంటి పట్టిక రాసినప్పుడు ఒక కొరోనాయిడ్ కింద గుండ్రని రంధ్రం చూసి, అరుదైనది దొరికిందని సంబరపడి, కొలత కూడా రాసుకున్నాను. రెండోవైపు అదే ఎత్తులో, అదే వ్యాసంలో మరొకటి కనిపించాక గానీ అది డ్రిల్లు పని అని తట్టలేదు. సహజ రంధ్రం అంచు నున్నగా, ఒకవైపు వాలుగా ఉంటుంది, డ్రిల్లు వేసిన బెజ్జం అంచు నిటారుగా, పదునుగా ఉండి, ఎముకను ఈ పక్క నుంచి ఆ పక్కకు సూటిగా దాటిపోతుంది.

వయసు, పళ్లు ముందుగా తేల్చుకోండి

పుట్టినప్పుడు కింది దవడ రెండు ముక్కలుగా ఉంటుంది. గడ్డం మధ్యరేఖ వద్ద ఆ ముక్కలు మొదటి ఏడాదిలో కలిసిపోతాయి. రేమస్ వెనక అంచుకూ బాడీ కింది అంచుకూ మధ్య కోణం శిశువులో 140 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది, పెద్దవారిలో 110 నుంచి 120 డిగ్రీలకు తగ్గుతుంది, పళ్లన్నీ ఊడిన వృద్ధాప్యంలో మళ్లీ 140 దాకా తెరుచుకుంటుంది. కాబట్టి 138 డిగ్రీలు అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. చర్వణకాలు (వెనకవైపు నమిలే పెద్ద పళ్లు) పూర్తిగా ఉన్న పెద్దవారి దవడలో అది గమనించవలసిన విషయం, బోసి దవడలో అది మామూలే.

పళ్లు లేని చోట అవి ఎప్పుడు పోయాయో చూడండి. గూడు అంచులు పదునుగా ఉండి, లోపల వేరు ఆకారం స్పష్టంగా కనిపిస్తే ఆ పన్ను మనిషి చనిపోయిన తర్వాత జారిపోయిందని అర్థం. గూడు ఎముకతో నిండి, పైన నున్నని గట్టులా తయారైతే బతికుండగానే ఊడిందని అర్థం. ఈ రెండో సందర్భంలో పళ్లను మోసే పైభాగం కరిగిపోతుంది, కింది అంచు మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. అందువల్ల పై అంచు నుంచి తీసే ఏ కొలతనైనా బోసి దవడల్లో విడిగా రాయాలి, పళ్లున్నవాటితో కలపకూడదు.

బయటివైపు: రంధ్రాన్ని నోరు చూసి కాదు, దారి చూసి గుర్తించాలి

బయటి ముఖాన ముఖ్యమైనది మెంటల్ ఫొరామెన్ అనే రంధ్రం. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నాడి ఇందులోంచే బయటికి వస్తుంది. పెద్దవారిలో ఇది ఎక్కువగా రెండో అగ్రచర్వణకం (చర్వణకాలకు ముందుండే చిన్న నమిలే పన్ను) కింద గానీ, రెండు అగ్రచర్వణకాల మధ్య గానీ ఉంటుంది, మధ్యరేఖ నుంచి సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో కనిపిస్తుంది. శిశువులో ఇది కింది అంచుకు దగ్గరగా ఉంటుంది, పెద్దవారిలో దవడ ఎత్తుకు ఇంచుమించు మధ్యలో ఉంటుంది, బోసి దవడలో పైగట్టు కరిగిపోవడం వల్ల పై అంచుకు చేరువవుతుంది, కొన్నిసార్లు గట్టు మీదికే వచ్చేస్తుంది. కట్టుడు పళ్లు పెట్టుకున్న వృద్ధులు కొందరు ఒకే చోట సూది గుచ్చినట్టు నొప్పి అంటారే, పళ్లసెట్టు ఆ నాడి మీదే నొక్కడం దానికి ఒక కారణం.

నమోదు చేసేటప్పుడు దాని స్థానాన్ని పళ్ల వరసతో పోల్చి చెప్పండి: మొదటి అగ్రచర్వణకానికి ముందు, దాని కింద, రెండు అగ్రచర్వణకాల మధ్య, రెండోదాని కింద, రెండోదానికీ మొదటి చర్వణకానికీ మధ్య, మొదటి చర్వణకం కింద. చివరిది నేటి మనుషుల్లో తక్కువ, అంతరించిన పురాతన మానవులైన నియాండర్తల్‌ల దవడల్లో తరచుగా కనిపిస్తుంది. దీనితోపాటు మధ్యరేఖ నుంచి దూరం, కింది అంచు నుంచి ఎత్తు కాలిపర్‌తో తీసుకోండి. పన్ను వంకరగా మొలిచినా, పక్క పన్ను ఊడి ఆ ఖాళీలోకి ఒరిగినా పళ్లతో చెప్పే స్థానం తప్పుదారి పట్టిస్తుంది. మిల్లీమీటర్ల కొలత అప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు అదనపు రంధ్రాల సంగతి. మెంటల్ ఫొరామెన్ చుట్టుపక్కల రెండో రంధ్రం కనిపించగానే అది అదనపు మెంటల్ ఫొరామెన్ అని రాసేయకండి. ఎముకకు రక్తం తెచ్చే చిన్న నాళాలకు కూడా బయటి ముఖాన రంధ్రాలుంటాయి. నైలాన్ పోగు కొనను కాస్త గుండ్రంగా కత్తిరించి, వెనక పై వైపు నుంచి ముందుకూ కిందికీ లోపలికీ వాలేలా మెల్లగా దూర్చండి. పెద్దవారిలో ఆ రంధ్రం నోరు సాధారణంగా వెనక్కీ పైకీ తెరుచుకుని ఉంటుంది, అందుకే ఈ వాలు. పోషక రంధ్రమైతే పోగు కొద్ది మిల్లీమీటర్లలోనే ఆగిపోతుంది. నాడి దారైతే అది తడబడకుండా లోపలికి సాగుతుంది, కొన్నిసార్లు దాని కొన పక్కనున్న పెద్ద రంధ్రం గొంతులో మెరుస్తూ కనబడుతుంది. అలా కనబడిన క్షణంలోనే ఈ రెండు రంధ్రాలూ ఒకే కాలువకు తెరుచుకున్నాయని నమ్మకంగా రాయవచ్చు. పోగు ఆగిపోయినా మట్టి అడ్డుపడిందేమో అన్న అనుమానం ఉంటే, తేల్చలేదు అని రాసి ఆ ఎముకను కోన్ బీమ్ సీటీ (లోపలి దారులను అన్ని వైపుల నుంచీ చూపే ఎక్స్‌రే స్కాన్) కోసం పక్కన పెట్టండి. మెంటల్ ఫొరామెన్ అసలే లేని దవడలు చాలా అరుదు, అలా కనిపిస్తే ముందు మట్టిని, ఆ తర్వాత మీ కంటిని అనుమానించండి.

గడ్డం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పైనుంచి చూసి గుండ్రం, చతురస్రం, మొన, నడుమ నొక్కు అని నాలుగు రకాలుగా రాస్తే చాలు. చతురస్రపు గడ్డం, బయటికి వంగిన దవడ కోణం మగవారిలో ఎక్కువ అన్నది నిజమే గానీ, ఒక జనసమూహంలో పనికొచ్చిన ఈ కొలబద్ద మరో సమూహంలో తప్పుతుంది. ఒక్క దవడను పట్టుకుని ఆడో మగో తేల్చి రాయడాన్ని నేను సమర్థించను. అసలు ముందుకు పొడుచుకొచ్చిన గడ్డమే మన జాతి ప్రత్యేకత. 1907లో జర్మనీలో హైడెల్‌బర్గ్ దగ్గర మౌవర్ ఇసుక గనిలో దొరికిన దవడకు, మరుసటి ఏడాది మానవశాస్త్రవేత్త ఓటో షోటెన్‌జాక్ హోమో హైడెల్‌బర్గెన్సిస్ అన్న పురాతన మానవ జాతి పేరుకు ఆధారంగా తీసుకున్న ఆ ఎముకకు, వెడల్పాటి రేమస్‌లు ఉన్నాయి గానీ గడ్డం లేదు.

లోపలివైపు ముందుభాగం

ఎముకను తిప్పి, దీపాన్ని పక్కకు జరిపి, నీడలు పడేలా చూడండి. మధ్యరేఖ మీద నాలుక కండరాలు అతుక్కునే చిన్న ముళ్లు ఉంటాయి. అవి నాలుగని పుస్తకాలు చెబుతాయి, కానీ రెండుగా, ఒకే గట్టుగా, కొన్నిసార్లు గరుకు మచ్చగా మాత్రమే కనిపించవచ్చు. పైగట్టు బాగా కరిగిన దవడల్లో ఈ ముళ్లే అన్నిటికంటే ఎత్తుగా నిలబడతాయి, అప్పుడు వాటిని కొత్తగా పెరిగిన ఎముకగా పొరబడవద్దు. ముళ్లకు పైనా కిందా మధ్యరేఖలో ఉండే సన్నని రంధ్రాలను, వాటికి పక్కగా కనిపించేవాటిని తప్పక లెక్కించండి. వాటిలోంచి వెళ్లే నాళాలు చిన్నవే అయినా, ఇంప్లాంట్ (కృత్రిమ పన్ను కోసం ఎముకలో బిగించే మర) వేసేటప్పుడు ఈ గోడను చీల్చి వాటిని తెగ్గోస్తే నోటి అడుగున రక్తం చేరి, నాలుక పైకి లేచి, ఊపిరి దారే మూసుకుపోయే ప్రమాదం ఉంది.

అగ్రచర్వణకాల దగ్గర లోపలి గోడ మీద, ఆ గోడ మీద వాలుగా సాగే మైలోహైయాయిడ్ గీత అనే గట్టుకు పైన, బొటనవేలితో తడమండి. నున్నగా, గట్టిగా, తరచుగా రెండు వైపులా ఉండే ఉబ్బు తగిలితే అది టోరస్ మాండిబ్యులారిస్. ఇది కణితి కాదు, కట్టుడు పళ్లకు అడ్డం వస్తే తప్ప దాన్ని తీయవలసిన పని లేదు. కంటికంటే వేలే దీన్ని బాగా పడుతుంది, ముఖ్యంగా ఉబ్బు తక్కువగా ఉన్నప్పుడు.

కోణానికి దగ్గరగా, చర్వణకాల వెనక, కింది అంచుకు కొద్దిగా పైన గిన్నె ఆకారపు గుంట కనిపించవచ్చు. దంతవైద్యుడు ఎడ్వర్డ్ స్టాఫ్నే 1942లో వివరించడం వల్ల దీనికి స్టాఫ్నే కుహరం అన్న పేరు వచ్చింది. ఎక్స్‌రేలో ఇది తిత్తిలా కనిపించి కంగారు పెడుతుంది. ఎండు ఎముకలో చూసినవారికి అసలు సంగతి ఇట్టే బోధపడుతుంది: అది లోపలివైపుకు తెరుచుకున్న గుంట, చుట్టూ గట్టి అంచు ఉంటుంది, సాధారణంగా నాడి వెళ్లే కాలువకు కిందే ఉంటుంది.

రేమస్ లోపలి ముఖం: ఇక్కడ తొందరపడకండి

ఈ ఎముకలో వైద్యానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే చోటు ఇదే. కింది పళ్లకు స్పర్శనిచ్చే ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నాడి రేమస్ లోపలి ముఖాన ఉన్న మాండిబ్యులార్ ఫొరామెన్‌లోకి దిగుతుంది, కింది పన్ను పీకే ముందు మత్తు సూది వేసేది ఆ దరిదాపుల్లోనే. కాలిపర్ ఒక కొనను ఫొరామెన్ అంచున ఉంచి రేమస్ ముందు అంచుకు, వెనక అంచుకు, కండైల్‌కూ కొరోనాయిడ్‌కూ మధ్య ఉండే పై నొక్కుకు, కింది అంచుకు నాలుగు దూరాలు తీయండి. కుడి ఎడమలకు వేర్వేరుగా తీయాలి, ఒకవైపు కొలిచి రెండోవైపు అంతే అనుకోవడం తగదు. చర్వణకాలు ఉంటే వాటి నమిలే తలం మీద ఒక స్కేలు ఆనించి, రంధ్రం ఆ గీతకు పైన ఉందా కింద ఉందా చూడండి. చిన్నపిల్లల్లో అది ఆ తలానికి కిందుగా ఉంటుంది, వయసుతో పైకి జరుగుతుంది. పిల్లలకు సూదిని కాస్త కిందుగా వేయమని నేర్పేది ఇందుకే.

రంధ్రం ముందు అంచున నాలుకలాంటి చిన్న ఎముక రేకు, లింగ్యులా, ఉంటుంది. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త స్పిక్స్ పేరుతో దీన్ని స్పిక్స్ ముల్లు అని కూడా అంటారు. ఆకారాన్ని త్రికోణం, మొన తెగినట్టున్నది, బొడిపె, రేమస్‌లో కలిసిపోయి దాదాపు కనిపించనిది అని నాలుగుగా విడదీయడం వాడుకలో ఉంది. మొన విరిగిన త్రికోణం, పుట్టుకతోనే మొన తెగినట్టున్నది ఒకేలా కనిపిస్తాయి కాబట్టి భూతద్దంతో అంచు చూడండి. విరిగిన చోట లోపలి గుల్ల ఎముక కనిపిస్తుంది.

ఫొరామెన్ నుంచి కిందికీ ముందుకూ వాలుగా దిగే సన్నని గాడి మైలోహైయాయిడ్ నాడిది. కొన్ని దవడల్లో ఈ గాడి మీద ఎముక కప్పు ఏర్పడి అది సొరంగంలా మారుతుంది. కప్పు ఫొరామెన్‌ను ఆనుకుని ఉందా, గాడి మధ్యలో ఉందా, పూర్తిగా ముగిసిందా, రెండు అంచుల నుంచి ముళ్లు పొడుచుకొచ్చి నడుమ సందు మిగిలిందా అన్నవి విడివిడిగా రాసి, పొడవు కొలవండి. ఫొరామెన్‌ను ఆనుకున్న కప్పును చూసి రెండు ఫొరామెన్లు ఉన్నాయని రాసే తప్పు తరచుగా జరుగుతుంది. ఇక్కడ కూడా నైలాన్ పోగే తీర్పు చెబుతుంది: వంతెన కిందుగా వెళ్లి మళ్లీ గాడిలోనే తేలితే అది మైలోహైయాయిడ్ వంతెన, ఎముక లోతుల్లోకి పోయి తిరిగి కనిపించకపోతే అది వేరే కాలువ కావచ్చు. నాడి కాలువ నిజంగానే రెండుగా చీలిన దవడలు ఉన్నాయి. గర్భస్థ దశలో వేర్వేరు పళ్ల గుంపులకు వెళ్లే నాడి శాఖల చుట్టూ విడివిడిగా ఏర్పడిన దారులు తర్వాత ఒక్కటి కాకపోవడం వల్ల ఇలా జరుగుతుందని వివరిస్తారు. చివరి చర్వణకం వెనక ఉండే త్రికోణపు మడిలో రంధ్రం ఉందేమో చూడకుండా మాత్రం ముందుకు సాగకండి, ఎందుకంటే అలాంటి చీలికలో ఒక శాఖ అక్కడే బయటపడుతుంది. మామూలుగా వేసిన మత్తు సరిగా పట్టకపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

పై అంచు, కొలతలు

కొరోనాయిడ్‌ను త్రికోణం, గుండ్రం, కొక్కెం అని రాసి వదిలేయవచ్చు. కండైల్ దగ్గర కాస్త ఆగాలి. అడ్డంగా సుమారు 20 మి.మీ., ముందు వెనకలుగా 8 నుంచి 10 మి.మీ. ఉండే ఈ తల పైభాగం ఉబ్బుగా, చదునుగా, వాలుగా ఉండవచ్చు. నడుమ గాడి ఉన్నంత మాత్రాన దాన్ని జంట కండైల్ అనకండి. రెండు తలలూ వేర్వేరుగా కనిపించి, వాటి మధ్య లోయ స్పష్టంగా ఉంటేనే ఆ పేరు వాడాలి. మానవశాస్త్రవేత్త అలెష్ హ్రడ్లిచ్కా ఎండు పుర్రెల్లో ఇలాంటివి చూసి 1941లో వివరించారు. కొన్ని పెరుగుదలలోనే వస్తాయి, కొన్ని చిన్నతనంలో తగిలిన దెబ్బ మానిన తీరు వల్ల వస్తాయి. మెడ వంగి ఉండడం, రెండోవైపుతో ఎత్తు తేడా రావడం కనిపిస్తే దెబ్బ సంగతి కూడా రాయండి.

చివరగా రెండు కండైళ్ల బయటి అంచుల మధ్య దూరం, రెండు కోణాల మధ్య దూరం, రేమస్ ఎత్తు, దాని అతి తక్కువ వెడల్పు, గడ్డం ఎత్తు తీసుకుంటే కొలతల పని పూర్తవుతుంది.

రాసే పద్ధతి

పట్టికలో ప్రతి లక్షణానికీ కుడి, ఎడమ అని రెండు గడులు ఉండాలి. ఒక్కో గడిలో మూడు జవాబులకే చోటివ్వండి: ఉంది, లేదు, చూడలేకపోయాను. మొదటి రెండే పెట్టుకుంటే విరిగిన రేమస్ కూడా లేదు కిందికే చేరి, లెక్క మొత్తం తప్పుతుంది. ఉదాహరణకు నలభై దవడలు చూశారనుకుందాం. వాటిలో మైలోహైయాయిడ్ గాడి చూస్తుంటే, కుడి గాడి 38 వాటిలో, ఎడమ గాడి 35 వాటిలో మాత్రమే చెక్కుచెదరకుండా ఉంటే, మీ శాతానికి హారం 38, 35 అవుతాయి గానీ 40 కాదు. ఎన్ని వైపుల్లో ఉంది అన్నది, ఎంతమంది మనుషుల్లో ఉంది అన్నది వేర్వేరు ప్రశ్నలు కాబట్టి రెంటినీ విడిగా చెప్పండి. ఒక నమోదు ఇలా ఉండవచ్చు: "పెద్దవారి దవడ, చర్వణకాలు ఉన్నాయి. ఎడమవైపు మెంటల్ ఫొరామెన్‌కు వెనక కొద్దిగా కిందుగా 4 మి.మీ. దూరంలో రెండో రంధ్రం, పోగు ప్రధాన రంధ్రంలో కనిపించింది. కుడివైపు ఒక్కటే. కుడి లింగ్యులా విరిగింది, ఆకారం చూడలేకపోయాను."

ఎక్స్‌రే తీసే వీలుంటే దాన్ని పట్టిక నిండిన తర్వాతే చూడండి. ముందే చూస్తే కన్ను దానికి లొంగిపోతుంది. చదునైన ఫిల్ములో మెంటల్ ఫొరామెన్ అగ్రచర్వణకం వేరు కొన మీద పడి, అక్కడ చీము పట్టినట్టు నల్లగా కనిపిస్తుంది. మైలోహైయాయిడ్ గాడి రెండో కాలువలా కనిపిస్తుంది. చేతిలో ఎముకతో సరిపోల్చినప్పుడు ఏ నీడ దేనిదో తెలుస్తుంది.

పది రోజుల తర్వాత, మొదటి పట్టిక చూడకుండా, ఏవైనా పది ఎముకలు తీసి మళ్లీ మొదటి నుంచి నింపండి. కొలతల్లో మిల్లీమీటరు అటూఇటూ అయితే ఫరవాలేదు. ఉంది, లేదు అన్నచోట జవాబు మారితే మాత్రం ఆ లక్షణానికి మీరు పెట్టుకున్న నిర్వచనం వదులుగా ఉందన్నమాట. దాన్ని తిరగరాసుకుని, ఆ ఒక్క లక్షణం వరకు ఎముకలన్నిటినీ మళ్లీ చూడండి.